స్వేచ్ఛ పేరుతో వాదన మొదలైతే దాన్ని ఎక్కడ పట్టుకోవాలి

మా పిన్ని కూతురు పదో తరగతి మంచి మార్కులతో పాసైంది, కానీ ఇంటర్‌లో చేరలేదు. చేరొద్దని ఎవరూ అనలేదు. బాబాయి వద్దనలేదు, కాలేజీవాళ్లు సీటు లేదనలేదు, ఆడపిల్లలు చదవకూడదని ఏ చట్టంలోనూ లేదు. జూనియర్ కాలేజీ పద్నాలుగు కిలోమీటర్ల దూరం. సాయంత్రం ఊరికి తిరిగొచ్చే ఆఖరి బస్సు నాలుగింటికి, కాలేజీ వదిలేది నాలుగున్నరకి. అంతే. రెండేళ్లు ఇంట్లో కూర్చుంది, ఆ తర్వాత పెళ్లి చేసేశారు.

ఆ అమ్మాయికి చదువుకునే స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. కొందరు "ఉంది, వాడుకోలేకపోయింది పాపం" అన్నారు. కొందరు "అదేం స్వేచ్ఛ, కాగితం మీద రాసుకోవడానికి తప్ప?" అన్నారు. రెండు జవాబుల్లోనూ స్వేచ్ఛ అనే మాట ఒకటే, అర్థాలు మాత్రం వేరు. ఉచిత పథకాల మీద, మద్యం మీద, హెల్మెట్ మీద, ఫోన్ల నిఘా మీద మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో జరిగే గొడవలు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. సివిక్స్ చదివే పిల్లలకీ గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకీ కూడా ఈ పాఠం దగ్గరే టెన్షన్. నిర్వచనాలు బట్టీ పడతారు, కళ్లముందున్న ఒక జీవో మీద వాటిని వాడమంటే ఆగిపోతారు. కాబట్టి నిర్వచనాలు తక్కువ చెప్పి, వాడే పద్ధతి ఎక్కువ చెబుతాను.

ముందు పేర్లతో వచ్చే ఇబ్బంది

మన పుస్తకాల్లో ఒకదాన్ని ప్రతికూల స్వేచ్ఛ, రుణాత్మక స్వేచ్ఛ అంటారు. రెండోదాన్ని సానుకూల స్వేచ్ఛ, ధనాత్మక స్వేచ్ఛ అంటారు. తెలుగులో ప్రతికూలం అనగానే మనకు గిట్టనిదనీ, సానుకూలం అనగానే మంచిదనీ చెవికి తోస్తుంది. దాంతో ఒకటి చెడ్డ స్వేచ్ఛ, రెండోది మంచి స్వేచ్ఛ అని చదువుకునేవాళ్ల మనసులో పడిపోతుంది. నేను చూసినంతలో పరీక్ష పేపర్లలో వచ్చే తప్పుల్లో పెద్దది ఇదే. ప్రతికూల స్వేచ్ఛ అంటే మన దారిలో ఇంకొకరు అడ్డుపడకపోవడం, అంతకుమించి ఏమీ లేదు. నోరు విప్పినందుకు జైల్లో వేయకుండా ఉండటం ఆ స్వేచ్ఛే. అందులో చెడ్డ ఏముంది?

సానుకూల స్వేచ్ఛకు రెండు పోగులున్నాయి, వాటిని విడదీసి పట్టుకోండి. ఒకటి, నా బతుకు పగ్గాలు నా చేతిలోనే ఉండటం. స్వేచ్ఛ అన్న మాటలోనే స్వ, ఇచ్ఛ ఉన్నాయి కదా, ఆ ఇచ్ఛ నిజంగా నాదేనా, ఇంకొకరిదా, లేక నన్ను పట్టుకున్న ఒక వ్యసనానిదా అన్న ప్రశ్న అది. రెండోది, అనుకున్నది చేయడానికి కావలసిన సత్తా, వసతి ఉండటం, అంటే చదువు, తిండి, ఆరోగ్యం, దారి. ఇషయా బెర్లిన్ అనే తత్వవేత్త 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంతో ఈ విభజన ప్రపంచమంతా పాకింది. ఆయన ఎక్కువగా భయపడింది మొదటి పోగు గురించి. రెండోదాన్ని ఆయనకంటే చాలా ముందే, 1881లో, టి.హెచ్. గ్రీన్ అనే ఇంగ్లండు తత్వవేత్త గట్టిగా వినిపించాడు. జనం ఈ రెండు పోగులనూ కలిపేసి బెర్లిన్ సంక్షేమానికే వ్యతిరేకి అని రాసేస్తుంటారు, అది సరికాదు.

ఇప్పుడు ఖాళీలు పూరించండి

ఎవరైనా "ఇది మా స్వేచ్ఛ" అన్నప్పుడు అది ఏ రకం అని అడగకండి. ఒక కాగితం తీసుకుని మూడు ఖాళీలు రాయండి: ఎవరికి, దేని నుంచి, ఏం చేయడానికి. 1967లో జెరాల్డ్ మెకల్లమ్ అనే తత్వవేత్త చెప్పింది ఇదే. స్వేచ్ఛ గురించిన ఏ మాటలోనైనా ఈ మూడూ దాగి ఉంటాయి, రెండు రకాలు అంటూ కొట్టుకోవడం కంటే ఈ మూడూ బయటికి తీయడం మేలని ఆయన వాదన. నాకు ఇంతకంటే పనికొచ్చే పనిముట్టు దొరకలేదు.

పూరించేటప్పుడు రెండో ఖాళీ దగ్గర నిదానించండి. అక్కడ చాలామంది చట్టం, పోలీసు, సర్కారు అని మాత్రమే రాస్తారు. అడ్డు పక్కింటివాడు కావచ్చు, కాంట్రాక్టరు కావచ్చు, కులం కావచ్చు, లేని బస్సు కావచ్చు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే కేసు ఒకటుంది. 1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టడానికి ఎక్కడెక్కడి నుంచో కూలీలను తెచ్చారు. కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. మధ్యలో కూలీలను తెచ్చిన జమాదారు మనిషికి రూపాయి చొప్పున కోసుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవాడు. ఎవరూ కర్ర పట్టుకుని నిలబడలేదు, ఇష్టమైతే చెయ్యి, లేకపోతే పో. అలాంటప్పుడు ఆ కూలీ స్వేచ్ఛగా ఒప్పుకున్నట్టేగా? పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే సంస్థ ఈ విషయాన్ని సుప్రీంకోర్టుకు తీసుకెళ్లింది. ఆకలి, వేరే దారి లేకపోవడం కూడా బలవంతమేనని కోర్టు తేల్చింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది.

ఖాళీలు పూరించి చూడండి. ఎవరికి: కూలీకి. దేని నుంచి: ఆకలిని అడ్డం పెట్టుకుని రూపాయి కోసే జమాదారు నుంచి. ఏం చేయడానికి: కష్టానికి తగ్గ డబ్బు తీసుకోవడానికి. ఈ మూడూ రాశాక "ప్రభుత్వం మధ్యలో దూరకూడదు, ఇద్దరి ఒప్పందం వాళ్లిష్టం" అన్న మాట ఎంత బోలుగా వినిపిస్తుందో మీకే తెలుస్తుంది. ఆ ఒప్పందంలో ఇద్దరి ఇష్టం లేదు. ఒకరి ఇష్టం, ఇంకొకరి ఆకలి ఉన్నాయి.

తర్వాత, ప్రభుత్వం ఎక్కడ నిలబడి ఉందో చూడండి

ఖాళీలు నిండాక ప్రభుత్వాన్ని ఏం చేయమంటున్నారో అడగండి. పక్కకు తప్పుకోమంటున్నారా? మూడో మనిషి మీద పడకుండా అడ్డు నిలబడమంటున్నారా? లేక చేయి అందించమంటున్నారా? మన రాజ్యాంగంలో ఈ మూడూ ఉన్నాయి. 19వ అధికరణ ఎక్కువగా తప్పుకోమనే మాట. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ కింద ఫేస్‌బుక్‌లో రాసిన రాతలకు మనుషుల్ని అరెస్టు చేస్తుంటే 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది ఈ అధికరణ ఆధారంగానే. 17, 23 అధికరణలు అడ్డు నిలబడమంటాయి, ఎందుకంటే అంటరానితనం పాటించేదీ వెట్టి చేయించుకునేదీ చాలాసార్లు సర్కారు కాదు, మన ఊరివాళ్లే. 21ఏ చేయి అందించమనే మాట: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య. ఇది 2002లో 86వ సవరణతో చేరింది, చట్టమై 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దీనికి దారి వేసిన తీర్పుల్లో ఒకటి 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు, అందులో ఎదుటి పార్టీ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే.

నిర్బంధ అన్న మాట చూశారా? ఉచితం పక్కనే నిర్బంధం. బిడ్డ రేపు తన కాళ్ల మీద నిలబడాలంటే ఇవాళ కొంత బలవంతం అవసరమని చట్టం ఒప్పుకుంటోంది. పిల్లల విషయంలో నాకిది పూర్తిగా సమ్మతమే. ఇదే తర్కాన్ని పెద్దవాళ్ల మీదికి తెస్తే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న

సాయం తీసుకున్న మనిషి, రేపు ఆ సాయం చేసినవాణ్ణి నిలదీయగలడా? ప్రభుత్వం చేయందిస్తోందా, మెడ పట్టుకుంటోందా అని తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఇది. దీనికి మనకు దూబగుంట అనే ఊరి కథ కంటే మంచి ఉదాహరణ ఎక్కడా లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు రాత్రిపూట పలకా వాచకమూ పట్టుకుని కూర్చునేవారు. ఆ వాచకంలో ఒక కథ ఉంది, ఆడవాళ్లంతా ఒక్కటై తమ ఊళ్లో సారా దుకాణం మూయించిన కథ. దూబగుంట ఆడవాళ్లు దాన్ని పాఠంగా చదివి ఊరుకోలేదు. 1992లో రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు, ఊళ్లోకి సారా రానివ్వలేదు. అది ఊరి నుంచి ఊరికి పాకి, చివరికి సారా వేలంపాటలే జరగనివ్వని దాకా వెళ్లింది.

ఇప్పుడు ఖాళీలు. తాగేవాడి వైపు నుంచి రాస్తే: అతనికి, నిషేధం నుంచి, తన డబ్బుతో తాగడానికి. ఇంటావిడ వైపు నుంచి రాస్తే: ఆమెకు, దెబ్బల నుంచి, కూలి డబ్బు సాయంత్రానికి మాయమవడం నుంచి, పిల్లలకు ఇంత అన్నం పెట్టుకోవడానికి. మామూలుగా జనం ఇక్కడ ఆగి "ఎవరి స్వేచ్ఛ గొప్ప?" అని పోట్లాడుకుంటారు. మీరు ఆగకండి, రెండో మెట్టు ఎక్కండి: ప్రభుత్వం ఎక్కడుంది? అప్పటికి ప్రభుత్వం గట్టు మీద లేదు, నడిబజారులో ఉంది. సారా అమ్ముకునే హక్కును వేలం వేసేది తనే, ఆ డబ్బుతో ఖజానా నింపుకునేదీ తనే. ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చేసిందీ సర్కారే. అంటే ఆ ఆడవాళ్లు మొదట అడిగింది "మా జీవితాల్లోకి వచ్చి మమ్మల్ని కాపాడు" అని కాదు, "ముందు నువ్వు అమ్మడం మానుకో" అని. పుస్తకం భాషలో అది అచ్చంగా ప్రతికూల స్వేచ్ఛ కోరిక. అడిగే సత్తా వచ్చింది మాత్రం రాత్రి బడి వల్ల, అంటే సానుకూల స్వేచ్ఛ వల్ల. రెండూ ఒకే ఆడమనిషి చేతిలో, ఒకే పలక మీద ఉన్నాయి.

ఇంకోటి గమనించండి. పలక ఇచ్చింది ప్రభుత్వం, అక్షరం నేర్పింది ప్రభుత్వం, ఆ అక్షరం తిరిగొచ్చి ప్రభుత్వ ఆదాయానికే గండి కొట్టింది. నా పరీక్షలో దానికి నూటికి నూరు మార్కులు. తీసుకున్నవాళ్ల నోరు నొక్కని సాయం అది.

ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఈ రెండు నిషేధాలనూ ఒకే గాటన కట్టేయకండి. మొదటిది, సర్కారు తన వ్యాపారాన్ని తను మానుకోవడం. రెండోది, ఎవరింట్లో ఎవరు ఏం తాగుతున్నారో పోలీసు చూడాల్సిన పరిస్థితి. దొంగసారా, పక్క రాష్ట్రాల నుంచి అక్రమ రవాణా, ఖజానాకు లోటు, ఇవన్నీ మీదపడ్డాయి. మొదటిదానికి ఊరి ఆడవాళ్లే కాపలా, రెండోదానికి ఎక్సైజు శాఖ కాపలా. నా దృష్టిలో మొదటిది న్యాయం. రెండోదాని ఉద్దేశం మంచిదే, కానీ ప్రభుత్వానికి మోయలేనంత పెత్తనం ఇచ్చింది. మీరు దీనికి ఒప్పుకోకపోవచ్చు. కానీ ఒప్పుకోకపోయినా ఈ రెండు నిషేధాలనూ విడదీసే మాట్లాడండి.

ఇక పరీక్షలో తప్పిన ఉదాహరణ. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. దేశం బాగుకే, పేదల బాగుకే అన్నారు. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, చాలాచోట్ల బలవంతంగా. ఆపరేషన్ చేయించుకున్న మనిషి నిలదీయగలిగాడా? పేపర్ల మీద సెన్సారు. కోర్టుకు వెళ్దామంటే, అక్రమంగా నిర్బంధించారని అడిగే హక్కు కూడా ఎమర్జెన్సీలో ఉండదని 1976లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ అయిదుగురు జడ్జిల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. బెర్లిన్ భయపడింది సరిగ్గా దీనికే. నీకేది మంచిదో నీకంటే మాకే బాగా తెలుసు, నీ అసలు కోరిక ఇదే, నీకిప్పుడు అర్థం కావడం లేదు, కాబట్టి నిన్ను బలవంతపెట్టడం నీకు స్వేచ్ఛ ఇవ్వడమే, అని ఒక పెద్దమనిషి అనడం మొదలుపెట్టాడంటే అక్కడ ఆగి చూడాలి. రష్యాలో 1917 విప్లవ కాలంలో ఏడేళ్ల పిల్లవాడిగా, ఒక పోలీసును గుంపు ఈడ్చుకెళ్లడం కళ్లారా చూసిన మనిషి బెర్లిన్. ఆ భయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

అదే 1976లో, అదే ప్రభుత్వం వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా తెచ్చింది. తరతరాల అప్పు కింద బందీలైన మనుషులకు చట్టం ప్రకారం విముక్తి దొరికింది, అది చిన్న సంగతి కాదు. కాబట్టి ఒక ప్రభుత్వాన్ని మొత్తంగా స్వేచ్ఛకు మిత్రుడనో శత్రువనో ముద్ర వేసి కూర్చుంటే ఈ పని సాగదు, ఒక్కో చట్టాన్నీ విడిగా తూచాలి. 1978లో 44వ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణల కింది హక్కుల్ని నిలిపివేయడానికి వీల్లేదని రాసింది. చేయందించే రాజ్యానికి ఇలాంటి కంచె ఉండాల్సిందే.

జారిపడే చోట్లు

"మా పన్నులతో వాళ్లకు ఉచితాలా, ఇది మా స్వేచ్ఛ మీద దెబ్బ" అనే వాదన వస్తే విసుక్కోకండి, ఖాళీలు పూరించమనండి. పన్ను కట్టేవాడి దగ్గర నుంచి కొంత తీసుకోవడం నిజమే, దాన్ని కాదనడం నిజాయితీ కాదు. కానీ ఆ డబ్బు ఎవరి మూడో ఖాళీని నింపుతోందో కూడా రాయాలి. బడికెళ్లే పిల్లకా, ఎన్నికల ముందు పంచే గోడగడియారానికా? రెండూ ఉచితమే, రెండూ ఒకటి కాదు. అలాగే "పేదవాడికి ముందు అన్నం కావాలి, మాట్లాడే స్వేచ్ఛ తర్వాత చూద్దాం" అనేవాళ్లూ ఎదురవుతారు. అన్నం రాలేదని చెప్పడానికైనా నోరుండాలి కదా అని అడగండి.

హెల్మెట్ సంగతి చిన్నది, కానీ అందరూ అడుగుతారు. నా తల, నా ఇష్టం అంటారు. జాన్ స్టువర్ట్ మిల్ అనే బ్రిటిష్ తత్వవేత్త చెప్పిన ఒక ఉదాహరణ ఉంది. కూలిపోబోయే వంతెన మీదికి ఒకడు తెలియక అడుగు వేయబోతుంటే, చెప్పే వ్యవధి లేనప్పుడు, చెయ్యి పట్టి లాగడం అతని స్వేచ్ఛను హరించడం కాదు, ఎందుకంటే నదిలో పడాలన్నది అతని కోరిక కాదు. హెల్మెట్ దాదాపు అలాంటిదే, పైగా అది లాక్కునేది చాలా తక్కువ. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా చుట్టుకున్న సిక్కులకు మినహాయింపు ఇచ్చింది. మనిషి విశ్వాసం దాకా వెళ్లినప్పుడు చట్టం ఎక్కడ ఆగాలో చూపే మంచి నమూనా అది.

నిఘా విషయంలో మాత్రం మెత్తబడకండి. "తప్పు చేయనివాడికి భయమెందుకు" అన్న మాట మన ఇళ్లలో తరచూ వింటాం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పారు. పథకం అందాలంటే వివరాలు ఇవ్వాలి, నిజమే. ఎన్ని వివరాలు, ఎంతకాలం, ఎవరు చూస్తారు అని అడగగలిగితేనే మనం నిలదీసే పరీక్ష పాసైనట్టు.

ఒకటి చేసి చూడండి

మళ్లీ బస్సు దగ్గరికి వద్దాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. పల్లె వెలుగు ఎక్కితే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఖాళీలు పూరించండి: ఆడవాళ్లకు, ఛార్జీ అనే అడ్డు నుంచి, బయటికి వెళ్లడానికి. రోజూ ఛార్జీ కోసం ఇంట్లో చెయ్యి చాచాల్సిన ఆడవాళ్లకు ఇది ఎంత పెద్ద మార్పో, ఆ చెయ్యి చాచినవాళ్లకే తెలుస్తుంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

కానీ మా చెల్లి కాగితం తీసి చూస్తే రెండో ఖాళీలో ఛార్జీ లేదు. బాబాయి పాస్ తీసిచ్చేవాడే. అక్కడ ఉన్నది అరగంట తేడా. జీరో టికెట్ ఆ రోజుల్లో ఉండి ఉన్నా ఆమె ఇంట్లోనే కూర్చునేది, ఎందుకంటే రాని బస్సులో ఏ టికెట్టూ చెల్లదు. రెండో ఖాళీ సరిగ్గా రాస్తేనే ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది. మేమెవరమూ అప్పుడు అది రాసుకోలేదు. దూరం అన్నాం, ఆడపిల్ల అన్నాం, తలరాత అన్నాం. డిపో మేనేజరుకు బాబాయి చేత ఒక అర్జీ పెట్టించి, కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం తీసుకుని, ఆ ఊరి నుంచి వెళ్లే మిగతా పిల్లల పేర్లు కింద రాయించి ఉంటే, అందులో ఉండాల్సింది ఒక్క వాక్యం: సాయంత్రం నాలుగింటి బస్సును అయిదింటికి నడపండి.